మీ మండలం లిస్టులో మీ ఊరు ఎన్నో నంబరు?

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి ఒక చిన్న పని చేయండి. సెర్చ్‌లో మీ మండలం పేరు కొట్టి, పక్కన 'గ్రామాలు, జనాభా' అని కొట్టండి. ఒక పట్టిక వస్తుంది. ఎడమ పక్కన ఊళ్ళ పేర్లు, తర్వాత ఇళ్ళు, మొత్తం జనం, మగ, ఆడ. అందరం ఒకేలా చదువుతాం దాన్ని. ముందు సొంత ఊరు, తర్వాత అమ్మమ్మ ఊరు, ఆ తర్వాత చిన్నప్పుడు క్రికెట్ మ్యాచ్‌లో మనల్ని చిత్తు చేసిన పక్కూరు. వాళ్ళకన్నా మనమే ఎక్కువమంది అని తేలితే అదో తృప్తి.

ఇప్పుడు పైకి స్క్రోల్ చేసి సంవత్సరం చూడండి. 2011 అని ఉంటుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 2011 ఫిబ్రవరి 28 దాటి మార్చి 1 మొదలైన అర్ధరాత్రి. ధోనీ వరల్డ్ కప్ సిక్స్ కొట్టడానికి ఇంకా నెల రోజులుంది. జియో లేదు. తెలంగాణ రాష్ట్రమే లేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మీ తమ్ముడు అందులో '0-6 ఏళ్ళ పిల్లలు' అనే కాలమ్‌లో ఉన్నాడు. తొమ్మిదో క్లాసు చెల్లి అసలు లేనే లేదు. మా తాత మాత్రం ఉన్నాడు. ఆయన 2014లో పోయాడు. మా ఊరి పేరు పక్కనున్న అంకెలో ఒకటి ఆయనదే. నేను ఎప్పుడు ఆ పట్టిక తెరిచినా ఆయన ఇంకా మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నట్టే ఉంటుంది.

మన దేశంలో 1881 నుంచి పదేళ్ళకోసారి, యుద్ధాలొచ్చినా కరువులొచ్చినా ఆగకుండా జనాభా లెక్కలు జరిగాయి. ఆగింది 2021లో. కోవిడ్‌తో వాయిదా పడ్డ లెక్క అలా జరుగుతూ జరుగుతూ 2027 దాకా వచ్చింది. కొత్త లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే రెండు లెక్కల మధ్య పదహారేళ్ళు. ఈసారి ఫోన్ యాప్‌లోనే ఎంట్రీ, మన వివరాలు మనమే ముందుగా నింపుకునే అవకాశం కూడా ఉంది. కులం కూడా అడుగుతారు.

ఈ పాత అంకెతో మనకేం నష్టం అనుకోకండి. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనానికి చౌక బియ్యం ఇమ్మంది. ఆ శాతాన్ని ఏ జనాభా మీద లెక్కేశారు? 2011 జనాభా మీద. దేశం మొత్తానికి 81 కోట్ల పైచిలుకు మంది అని గీత గీశారు. ఆ తర్వాత పుట్టినవాళ్ళకి ఆ గీతలో చోటు కావాలంటే ఎవరో ఒకరు పోవాలి, లేదా రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు వచ్చేటప్పుడూ అదే అంకె పనిచేసింది. మీ ఊళ్ళో సీసీ రోడ్డు సగంలో ఆగిపోతే సర్పంచ్‌ని తిట్టుకుంటాం. తిట్టండి, తప్పు లేదు. కానీ ఆ డబ్బు పదిహేనేళ్ళ కిందటి ఊరికి లెక్కగట్టి ఇచ్చిందని కూడా తెలియాలి.

సరే, పట్టికలోకి వద్దాం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. మీలో చాలామంది వీకెండ్‌కి బైకులేసుకుని నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్ దగ్గర వైజాగ్ కాలనీకి వచ్చి, చేపల ఫ్రై తిని, రీల్స్ తీసుకుని పోతుంటారు కదా, ఆ ఏరియా. నల్లగొండ జిల్లాలో వైజాగ్ ఏంటి అని ఎవరూ అడగరు. విశాఖ తీరం నుంచి వచ్చి కృష్ణ ఒడ్డున స్థిరపడిన మత్స్యకార కుటుంబాలవి. ఒక ఊరి పేరులో ఇంకో ఊరు దాక్కోవడమంటే ఇదే. ఆ కాలనీ ఇప్పుడు నేరేడుగొమ్ము మండలంలో ఉంది. 2011 పట్టికలో నేరేడుగొమ్ము మండలం అని వెతికితే దొరకదు. 2016లో జిల్లాలు, మండలాలు విడదీసినప్పుడు చందంపేట మండలం నుంచి చీలి వచ్చింది. ఆ ఒక్క ఏడాదే తెలంగాణలో మండలాలు 459 నుంచి 584 అయ్యాయి. కాబట్టి ఏ వెబ్‌సైట్ అయినా 'మీ మండలం జనాభా ఇంత' అని ఒక అంకె చూపిస్తే, అది ఏ మండలం? విడిపోక ముందుదా, విడిపోయాక ఊళ్ళు ఏరి కూడిందా? చాలా చోట్ల అది రాయరు. నాకైతే ఊరి వరుస ఉన్న పట్టికలే ఇష్టం. ఊళ్ళు ఉంటే మనమే కూడుకోవచ్చు.

మండలం అనే మాట కూడా మన అమ్మానాన్నల వయసుదే. 1985కి ముందు తాలూకాలు. మూడు వందల పైచిలుకు తాలూకాల్ని ఎన్టీ రామారావు ప్రభుత్వం పదకొండు వందల దాకా మండలాలు చేసింది. అంతకు ఏడాది ముందే, 1984 జనవరిలో, కరణాలు మునసబులు, మా వైపైతే పటేల్ పట్వారీలు పోయారు. మా నానమ్మ ఇప్పటికీ తహసీల్దార్ ఆఫీసుని తాలూకా ఆఫీసనే అంటుంది. ఆమె చిన్నప్పుడు సర్టిఫికెట్ కావాలంటే దేవరకొండ దాకా ఎడ్లబండి మీదో, లేకుంటే కాలినడకనో పోవాలట. ఒక కాగితానికి ఒక రోజు.

అసలు చిక్కు 'ఊరు' అనే మాట దగ్గరే ఉంది. మనకు ఊరంటే ఇళ్ళు, రచ్చబండ, గుడి, బడి. సెన్సస్‌కి ఊరంటే రెవెన్యూ గ్రామం. అంటే భూమి రికార్డుల్లో హద్దులు, సర్వే నంబర్లు ఉన్న ముక్క. ఆ హద్దుల లోపల ఒక పెద్ద ఊరు, నాలుగు తండాలు, ఒక గూడెం ఉన్నా లిస్టులో వరుస ఒకటే, పేరు ఒకటే. మిగతావాటిని మజరాలంటారు, శివార్లంటారు. జనం లెక్కకు వస్తారు, పేరు రాదు.

మా దగ్గర తండాలు ఎక్కువ. తెలంగాణలో 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి, దాదాపు 500 మంది ఉన్న తండాల్నీ గూడేల్నీ పంచాయతీలు చేశారు. ఒక్క దెబ్బకి 4,383 కొత్త పంచాయతీలు. మొత్తం 12,751 అయ్యాయి. మా తండాలో మా రాజ్యం అన్న నినాదం చాలా ఏళ్ళది. అది నిజంగా జరిగిన రోజు తండాల్లో సంబరం నేను చూశాను. డిగ్రీలో నా క్లాస్‌మేట్ ఒకబ్బాయిది అలాంటి తండానే. మొన్న వాడికి ఈ పట్టిక లింక్ పంపితే పది నిమిషాలు వెతికి ఫోన్ చేశాడు.

"అక్కా, మా తండా లేదేంది?"

"మీ పాత ఊరి పేరు కింద ఉంటారు మీరు."

"మాకు సర్పంచ్ ఉన్నడు, వార్డు మెంబర్లు ఉన్నరు, పంచాయతీ సెక్రటరీ ఉన్నడు. ఊరు మాత్రం లేదా?"

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే తండాలో ఎంతమంది, అందులో ఆడపిల్లలెంతమంది, చదువుకున్నవాళ్ళెంతమంది అని ఎవరైనా అడిగితే 2011 లెక్కలో విడిగా జవాబు లేదు. పెద్ద ఊళ్ళో హైస్కూలు ఉంది కాబట్టి ఆ రెవెన్యూ గ్రామానికి హైస్కూలు ఉన్నట్టే. నాలుగు కిలోమీటర్ల అవతల తండా పిల్ల ఆ నాలుగు కిలోమీటర్లు నడిచిన సంగతి ఏ కాలమ్‌లోనూ పట్టదు. అక్షరాస్యత శాతం తీస్తే ఊరి శాతం, తండా శాతం కలిసి ఒక మధ్యస్థం వస్తుంది. అది ఇద్దరిదీ కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో దేవరకొండ, చందంపేట తండాల పేర్లు దేశమంతా పేపర్లలో వచ్చాయి. ఆడపిల్లల్ని అమ్ముకుంటున్నారని. పేదరికం, కరువు, కట్నం, దత్తత పేరుతో తిరిగిన దళారులు, అన్నీ కలిసిన కథ అది. వార్త రాసినవాళ్ళలో చాలామంది తండాని దోషిగా నిలబెట్టి వెళ్ళిపోయారు. దళారుల గురించి రాసింది తక్కువ. 0-6 కాలమ్‌లో మగపిల్లల పక్కన ఆడపిల్లల అంకె చూస్తే ఇలాంటి విషయం ముందే పసిగట్టొచ్చు. దేశం మొత్తం మీదే 2001లో వెయ్యి మంది మగపిల్లలకి 927 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి అది 920 కన్నా కిందికి పడింది. కానీ తండా అంకె ఊరి అంకెలో కలిసిపోతే ఏం పసిగడతాం? మీ మండలం పట్టికలో ఆ రెండు కాలమ్‌లు ఒకసారి చూడండి. చిన్న ఊళ్ళలో పది మంది అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి, చిన్న సంఖ్యలు అలాగే ఊగుతాయి. మండలం మొత్తం కూడి చూడండి. అప్పుడు తెలుస్తుంది.

ఇళ్ళు అనే కాలమ్ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నిజానికి అది ఇళ్ళ లెక్క కాదు, కుటుంబాల లెక్క. సెన్సస్ భాషలో కుటుంబమంటే చుట్టరికం కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు ఒకే వంట తింటే పదిహేను మందైనా ఒకటే. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు.

మా వీధిలో ఒక ఇల్లుంది. ముందు గదుల్లో కొడుకు, కోడలు, పిల్లలు. వెనక రేకుల షెడ్డులో అత్త. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయి, ఒక సాయంత్రం ఆమె మూడు రాళ్ళు తెచ్చుకుని షెడ్డు ముందు పొయ్యి పెట్టుకుంది. పింఛన్ 2,016 రూపాయలు, రేషన్ బియ్యం, పెరట్లో రెండు వంకాయ చెట్లు. అంతే ఆమె సంసారం. పిల్లలు రోజూ వెళ్ళి ఆమె దగ్గర పడుకుంటారు. కోడలికి జ్వరమొస్తే ఆమే జావ కాస్తుంది. అయినా వంట వేరు. లెక్క రాసే టీచర్ వస్తే ఆ ఇంట్లో రెండు కుటుంబాలు. ఒకటి నలుగురిది, ఒకటి ఒకరిది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటికే సగటున కుటుంబానికి నలుగురు. మీ ఊరి జనాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించి చూడండి. మూడున్నర, మూడుముప్పావు వస్తే 'చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం' అని సంబరపడకండి. అందులో కొన్ని వెనక షెడ్డు ముందున్న మూడు రాళ్ళు. కొన్ని పిల్లలు హైదరాబాద్ పోయాక మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళు.

ఇక పట్టికలో నాకు ఒళ్ళు మండే కాలమ్ చివర్లో ఉంటుంది. 'పని చేయనివారు.' ఊళ్ళో ఆడవాళ్ళలో ఎంత పెద్ద సంఖ్య అందులో ఉంటుందో చూడండి. పొద్దున నాలుగున్నరకి లేచి వాకిలి ఊడ్చి, బర్రెలకి గడ్డేసి, పాలు పిండి, వంట చేసి, టిఫిన్ బాక్సులు కట్టి, మధ్యాహ్నం పత్తి ఏరడానికి వెళ్ళి, రాత్రి గిన్నెలు తోమి పడుకునే మనిషి ఆ కాలమ్‌లో ఉండే అవకాశం ఎంతో ఉంది. ఎలాగంటారా? లెక్క రాసే ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఇంటాయన్ని అడుగుతాడు. "మీ ఇంటామె ఏం చేస్తది?" ఆయన బీడీ దులుపుతూ అంటాడు. "ఏం చెయ్యది సార్, ఇంట్లనే ఉంటది." అయిపోయింది. ఒక టిక్కుతో ఆమె పని అంతా మాయం.

సెన్సస్ నిబంధన అంత గుడ్డిది కాదు నిజానికి. ఇంటిపని ఒక్కటే చేస్తే పని కింద రాయరు, అది వేరే గొడవ, నాకు దాని మీదా కోపముంది. కానీ సొంత పొలంలో పని చేసినా, ఇంటి వాడకం కోసమే పాడి చేసినా పనే అని వాళ్ళ సూచనల్లోనే ఉంది. పాలు అమ్మక్కర్లేదు. ఏడాదిలో ఆరు నెలలకు పైన చేస్తే ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. బర్రెకి ఏడాదంతా గడ్డేసేది అమ్మ అయితే, ఆమె ఏ కాలమ్‌లో ఉండాలో మీరే చెప్పండి. ఉపాధి పనికి, అదే కరువు పనికి పోయేవాళ్ళు కూడా అంతే. అడిగే మనిషి తొందరలో ఉంటాడు. ఒక్కొక్కరికి ఒక బ్లాకు, అందులో ఏడెనిమిది వందల మంది, ఎక్కువగా బడి టీచర్లు. ఆయన్ని అనేదేం లేదు. చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళే.

ఇంకొన్ని వరుసల్లో పేరు ఉంటుంది, పక్కన సున్నాలుంటాయి. ఇళ్ళు సున్నా, జనం సున్నా. దేశంలో ఆరు లక్షల నలభై వేల పైచిలుకు గ్రామాలుంటే దాదాపు 43 వేల గ్రామాలు ఇలాంటివి. రెవెన్యూ వాళ్ళు వీటిని బేచిరాఖ్ అంటారు. బే అంటే లేకుండా, చిరాగ్ అంటే దీపం. సాయంత్రమైతే దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేని ఊరన్నమాట. ఎంత పనికిమాలిన ఫైలులోనైనా ఒక్కోసారి ఇలాంటి మాట దొరుకుతుంది. ఇలా ఎందుకయ్యాయి? కొన్ని కలరా వచ్చి ఖాళీ అయ్యాయి, కొన్ని చెరువు తెగి, కొన్ని ప్రాజెక్టు నీళ్ళలో. కొన్నిట్లో మొదట్నించీ పొలాలే, రైతులు పక్కూళ్ళో ఉంటారు. జనం లేకపోయినా సర్వే నంబర్లుంటాయి, పాస్ పుస్తకాలుంటాయి, గెట్టు తగాదాలు కూడా ఉంటాయి. మనుషులు పోయినా తగాదా పోదు.

మా వైపు కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం అని ఉండేది. శాతవాహనుల నాటి నుంచి మనుషులు బతికిన చోటు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాది వేశాడు. ఏలేశ్వరం మునుగుతుందని తెలిసి తవ్వకాలు జరిపి శిల్పాలు, వస్తువులు బయటికి తీశారు. తర్వాత నీళ్ళొచ్చాయి. రాళ్ళకి మ్యూజియంలో చోటు దొరికింది. మునిగిన ఊళ్ళ మనుషులు తలో దిక్కు పోయారు. వైజాగ్ కాలనీ దగ్గర పడవెక్కి సెల్ఫీ తీసుకునేటప్పుడు కింద ఉన్నది ఒకప్పటి ఊళ్ళ పొలాలు.

ఇలాంటిదే మన కళ్ళ ముందు ఇంకొకటి జరుగుతోంది. మా పీజీలో నా రూమ్‌మేట్‌ది వరరామచంద్రపురం మండలం, గోదావరి ఏజెన్సీ. వాళ్ళ తాత పుట్టినప్పుడు అది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం వైపు అంతా ఖమ్మంలో కలిపారు కాబట్టి వాళ్ళ నాన్నది ఖమ్మం జిల్లా. ఇదీ పుట్టింది ఖమ్మంలోనే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రలో కలిపితే మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. వాళ్ళ ఇల్లు మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. "మా ఊరు ఎక్కడికీ పోలేదే, జిల్లాలే మా ఊరి మీదుగా పోతన్నాయి" అంటుంది.

నెట్‌లో తెలంగాణ జనాభా అని వెతికితే రెండు అంకెలు కనిపిస్తాయి, గమనించారా? ఒక చోట 3,51,93,978. ఇంకో చోట 3,50,03,674. రెండూ 2011వే. రెండూ నిజమే. మొదటిది పాత పది జిల్లాల లెక్క. రెండోది ఆ మండలాలు ఆంధ్రలోకి వెళ్ళాక మిగిలింది. తీసేస్తే ఒక లక్షా 90 వేల 304. మన దగ్గర అదొక తీసివేత లెక్క. వాళ్ళకి అది రాష్ట్రం మారిన రోజు.

ఇప్పుడు ఆ మండలాల్లో చాలా ఊళ్ళు పోలవరం నీళ్ళ కిందికి వెళ్ళే లిస్టులో ఉన్నాయి. దేవీపట్నం వైపు కొన్ని ఇప్పటికే ఖాళీ అయ్యాయి. మొదట్లో 276 గ్రామాలు, 44,574 కుటుంబాలు అన్నారు. తర్వాతి లెక్కలో అది 373 ఆవాసాలు, లక్షా 6 వేల కుటుంబాలైంది. ఇంత తేడా ఏంటని అడగొద్దా? పాత లెక్క 2001 జనాభా మీద కట్టింది కావడం ఒకటి. ఇంకొకటి, ఇక్కడ కుటుంబమంటే పొయ్యి కాదు, వయసు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు పెళ్ళైనా కాకపోయినా విడి కుటుంబమే. విడి కుటుంబమైతే విడిగా పరిహారం. సెన్సస్‌లో ఒకే పొయ్యి కింద ఒక్కటిగా ఉన్న ఇల్లు పునరావాసం కాగితంలో మూడు కుటుంబాలు కావచ్చు.

ఇక్కడే ఇరకాటం. పద్దెనిమిది నిండాయా లేదా అని చూడటానికి ప్రభుత్వం ఒక కటాఫ్ తేదీ పెడుతుంది. ఆ తేదీకి పదిహేడేళ్ళ పదకొండు నెలలుంటే నువ్వు మీ నాన్న కుటుంబంలో పిల్లవి. ప్రాజెక్టు ఏళ్ళ తరబడి సాగింది. ఊరు ఖాళీ చేసే రోజుకి ఆ పిల్లకి పెళ్ళై, చంకలో బిడ్డ ఉండొచ్చు. లిస్టులో మాత్రం ఇంకా చిన్నపిల్లే. ముంపు ఊళ్ళలో కుర్రాళ్ళు మాకు కూడా ప్యాకేజీ ఇవ్వండి అని ధర్నాలు చేసేది దీని గురించే. టీవీలో స్క్రోలింగ్‌లో రెండు సెకన్లు పోతుంది ఆ వార్త. నాకు ఈ జనాభా పట్టికల పిచ్చి పట్టింది రూమ్‌మేట్ అది వివరించి చెప్పిన రాత్రే. వాళ్ళ అక్కకి వచ్చింది, తనకి రాలేదు. ఇద్దరికీ తేడా రెండేళ్ళు.

ఇంతకీ నిజంగా ఇప్పుడు మీ ఊళ్ళో ఎంతమందున్నారో ఎవరికి తెలుసు? గూగుల్‌కి తెలీదు. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఆశా వర్కర్‌కి నోటికి వచ్చు. ఎవరింట్లో ఎవరికి ఎన్నో నెల, ఏ ముసలాయన మంచాన పడ్డాడు, ఏ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, అన్నీ. పల్లెల్లో నాలుగు నుంచి ఎనిమిది వందల జనానికి ఒక అంగన్‌వాడీ, సుమారు వెయ్యి మందికి ఒక ఆశా అని రూల్. ఊరికి వెళ్ళినప్పుడు ఒకసారి వాళ్ళ దగ్గర కూర్చోండి. ఒక్క అరగంటలో మీ ఊరు మీకు కొత్తగా కనిపిస్తుంది.

ఇప్పుడు నా గొడవ. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పీజీలో ఉంటాను. సెన్సస్‌లో నన్ను ఎక్కడ రాస్తారు? నిబంధన ప్రకారం లెక్క జరిగే రోజుల్లో మామూలుగా ఎక్కడ ఉంటున్నామో అక్కడ. ఓటరు కార్డు ఎక్కడుంది, ఆధార్ మీద ఏ అడ్రస్ ఉంది అన్నది కాదు. హాస్టల్లో ఉంటే హాస్టల్లోనే. అంటే నేను హైదరాబాద్ మనిషిని. ఈ సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఇంట్లో చిన్న యుద్ధమే అయింది.

"ఊళ్ళె రాయించుకోకుంటే రేపు రేషన్ కార్డుల పేరు తీసేస్తే?"

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. సెన్సస్‌లో చెప్పింది ఏ కార్డుకీ వాడరు. చట్టమే ఉంది."

"సర్వేనాడు గిట్లనే అన్నరు."

ఆమె చెప్పేది 2014 ఆగస్టు 19 గురించి. తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు. ఒక్కరోజే లెక్క, ఇంటి దగ్గర లేకపోతే పేరుండదన్న భయం. హైదరాబాద్ బస్టాండ్లు కిక్కిరిసిపోయాయి. బస్సు టాపుల మీద కూడా జనం. మా బాబాయి పుణె నుంచి పిల్లల్ని వేసుకుని వచ్చాడు, సర్వే అయిపోగానే రాత్రి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కరోజు మా ఊరు నిండుగా ఉంది. సంక్రాంతికి కూడా అంతమందిని చూడలేదు. అమ్మ దృష్టిలో లెక్క అంటే అదీ, అందరూ ఇంటికి రావడం.

ఆమె మాటలో బొత్తిగా నిజం లేదని అననుగానీ. నాలాంటి వాళ్ళందరం హైదరాబాద్ లెక్కలోకి పోతే, మా ఊరి అంకె పడిపోతుంది. అంకె పడితే నిధులు పడతాయి, బడిలో పోస్టులు, బస్సు ట్రిప్పులు అన్నిటికీ 'జనం లేరు కదా' అనే జవాబు తయారుగా ఉంటుంది. మేము పంపిన డబ్బుతో కట్టిన ఇళ్ళు ఊళ్ళో, మేము నగరంలో. అటు హైదరాబాద్‌లో ఒక గదిలో నలుగురం, ఒక బాత్రూమ్, రోజు విడిచి రోజు నీళ్ళు. ఇక్కడ మమ్మల్ని లెక్కపెట్టకపోతే ఈ నీళ్ళు కూడా ఎవరిస్తారు? నేను తాగేది ఇక్కడి నీళ్ళు, ఎక్కేది ఇక్కడి బస్సు. కాబట్టి ఇక్కడే రాయించుకుంటాను. అమ్మకి కష్టంగా ఉన్నా సరే. రెండు చోట్లా రాయించుకుందాం అనుకునేవాళ్ళు ఉన్నారు, మా పీజీలోనే ఇద్దరున్నారు. అలా చేస్తే రెండు అంకెలూ పాడవుతాయి, అంతే.

అమ్మకి ఒకటే చెప్పాను. లెక్క రాసే సార్ వచ్చినప్పుడు నాయిన్ని మాట్లాడనీయకు, నువ్వే మాట్లాడు. ఏం పని చేస్తవంటే ఇంట్లో ఉంటానని అనకు. బర్రెలు చూసుకుంటా, పత్తి చేను చేస్తా అని చెప్పు. వెనకింటి నానమ్మ పొయ్యి వేరైతే ఆమెని విడిగా రాయమను. రాసింది ఒకసారి చదివి వినిపించమను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"అయితే మన ఇంట్ల ఇద్దరమే అని రాస్తడా?"

"ఇద్దరే అమ్మా."

"సరే. బర్రెలు రెండున్నయని గట్టిగ చెప్త తియ్."